అల్లుడికి దారి వదిలిన జట్టు

ఆ రోజు కడప గ్రౌండులో నేను వేసిన రెండు ట్రైలూ నావి కావు. మా ఊరి వాట్సాప్ గ్రూపులో నేను బంతిని పొట్టకు అదుముకుని పరిగెత్తుతున్న ఫొటో ఇంకా తిరుగుతూనే ఉంది. కింద చప్పట్ల బొమ్మలు, "మా పులి" అని రాతలు. ఆ ఫొటోలో నా వెనకాల కొంచెం మసకగా ఒక పిల్లోడు కనిపిస్తాడు, చేతులు చాచి, పట్టుకోబోయి పట్టుకోనట్టు. వాడు నా బావమరిది, నా భార్యకు తమ్ముడు. ఎవరైనా ఆ ఫొటో చూపించి భుజం తడితే నాకు తల కొట్టేసినట్టుంటుంది. పనుందని లేచి వెళ్లిపోతాను.

మా పడమటి కర్నూలు పల్లెల్లో రగ్బీ అంటే ఎవరికీ తెలియదు. ఆదోనిలో నాకు బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపుంది. సాయంత్రం షట్టరు దించి కాలేజీ గ్రౌండుకు పోయి కబడ్డీ ఆడేవాణ్ణి. అక్కడి పీడీ సార్ ఒకరోజు కోడిగుడ్డును సాగదీసినట్టున్న బంతి తెచ్చి మా మధ్య పడేశాడు. అది ఎటు ఎగురుతుందో దానికే తెలియదు. చేత్తో పట్టుకుని ఉరకాలి, ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో అందించాలి. అవతలి వాళ్ల గీత దాటి బంతిని నేలకు అదిమితే ట్రై. బంతి ఉన్నవాణ్ణి నడుమో కాళ్లో పట్టి కూలదోయవచ్చు. దాన్ని టాకిల్ అంటారు. కబడ్డీలో కాళ్లు పట్టి గుంజే అలవాటున్న మాకు ఆ కూలదోసే పని పెళ్లి భోజనంలా అనిపించింది. ఊళ్లో మాత్రం "ఏమప్పా, గుడ్లు పట్టుకోని ఉరుకుతాండావంట, కోడి యాడ?" అని ఏడిపించేవాళ్లు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఒకరిద్దరితో తగువు కూడా పడ్డాను.

ఏటా జిల్లా జట్ల మధ్య రాష్ట్ర పోటీలు జరుగుతాయి. ఏడుగురేసి ఆడే ఆట, సగానికి ఏడు నిమిషాలు. అంత పెద్ద గ్రౌండులో ఏడుగురే ఉంటారు కాబట్టి ఒక్కడు టాకిల్ తప్పితే వాడి వెనక ఆపేవాడు ఉండడు. ఆ తప్పు చెట్టు మీది కాకికి కూడా కనిపిస్తుంది. మా కర్నూలు జట్టులో నేనే పెద్దవాణ్ణి. షాపుంది, సంసారముంది, ఆట నాకు సరదా. గెలిస్తే నలుగురిలో మీసం తిప్పుకోవడం, ఓడితే నాలుగు రోజులు మూతి ముడుచుకోవడం, అంతే.

నా బావమరిదికి అలా కాదు. వాడు కడప జట్టులో ఆడతాడు. వాళ్లది రాజంపేట దగ్గర పల్లె. డిగ్రీ అయిపోయింది, పోలీసు ఉద్యోగానికి తయారవుతున్నాడు. రాష్ట్ర జట్టుకు ఎంపికై జాతీయ పోటీల్లో ఆడితే స్పోర్ట్స్ కోటాలో దారి దొరుకుతుందని వాడి ఆశ. కిందటేడు ఎంపిక చివరిదాకా వచ్చి పేరు తప్పిపోయింది. ఈసారి కూడా రాకపోతే బూట్లు అటక మీద పెట్టి అరటికాయల మండీలో పనికి పోవాల్సిందేనని మా మామ తేల్చి చెప్పేశాడు. ఆ ఏడు రాష్ట్ర పోటీలు కడపలో, ఎంపిక చేసేవాళ్లూ అక్కడికే వస్తున్నారు. ఈ సంగతంతా నా భార్య చెప్పి, "నా తమ్మునికి ఈ తూరి రావల్ల. నువ్వు మాత్రం వాని మీద పడి కాళ్లు ఇరగ్గొట్టొద్దు," అని నవ్వింది. వాడు నన్ను ఇరగ్గొట్టకపోతే చాలన్నాను నేను.

మా పెళ్లయి అప్పటికి ఎనిమిది నెలలు. కొత్త అల్లుణ్ణి గదా, పోటీలకని వెళ్లినవాణ్ణి జట్టుతో పాటు స్కూలు గదుల్లో పడుకోనివ్వలేదు. కడపలో మా అత్తవాళ్ల చుట్టాలింట్లో దింపారు. మా అత్త, భార్య, ఇంకా అత్త తరఫు ఆడవాళ్లు ముందే వచ్చి ఉన్నారు. మ్యాచ్ రోజు పొద్దున ఆ ఇల్లంతా వాళ్లే. గ్రౌండులో కూడా షామియానా కింద ముందు వరసలో కుర్చీలు వేసుకుని కూర్చున్నారు.

మా మ్యాచ్ కడపతోనే పడింది. మాఘమాసమైనా ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. గ్రౌండులో గడ్డి పేరుకే, కింద అంతా ఎర్రమట్టి, గరుసు. ఆట మొదలైన కాసేపటికే బంతి నా చేతికి వచ్చింది. ఎదురుగా నా బావమరిది. వాడు టాకిల్‌కు వంగాడు, నేను కుడికి తిరిగాను, వాడి చేతులు నా జెర్సీకి రాసుకుని జారిపోయాయి. అంతే, ముందు గీత తప్ప ఎవరూ లేరు. ట్రై. షామియానా వైపు చూసి చెయ్యి ఊపాను. నా భార్య చప్పట్లు కొట్టింది. నా కాళ్లలో అంత వడుపు ఉందని నాకే తెలియదు, ఇన్నాళ్లూ వైండింగ్ చుట్టుకుంటూ వృథా అయిపోయానే అనుకున్నాను.

రెండోసారి కూడా అటువైపే. ఈసారి వాడూ, వాడికి పెదనాన్న కొడుకు ఒకడూ ఎదురొచ్చారు. ఇద్దరి మధ్యా ఎద్దులబండి పోయేంత సందు. నేను దూరిపోయాను. బంతి నేలకు అదిమి లేచేసరికి జనంలోంచి ఎవరో పెద్దాయన, "అల్లునికి దావ ఇడవండ్రప్పా, ఇంకా కొత్త గదా," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు పకపక నవ్వారు. నా ఒంట్లోని వేడి అంతా ఒక్కసారి మొహంలోకి వచ్చింది. నేను పులిననుకుంటున్నాను, వాళ్లు నాకు హారతి పట్టి సాగనంపుతున్నారు.

సగం ఆట విరామం రెండు నిమిషాలే. నీళ్లు తాగుతున్న వాడి దగ్గరికి నేరుగా పోయాను.

"ఏమ్రా, చేతికొచ్చినోణ్ణి ఇడిసిపెడతాండావు?"

"కాలు జారె బావా."

"రెండు తూర్లూ జారెనా?"

వాడు తల దించుకుని బూటుతో గరుసు గీకాడు. "పొద్దున అమ్మ సెప్పింది. పెండ్లయి యాడాది కాలేదు, అల్లుణ్ణి నేలకేసి కొడితే ఇంటికి మంచిది కాదు, మీ చెయ్యి మాత్రం పడగూడదు అనె. మా అన్నకూ సెప్పింది."

"ఆట్లో అల్లుడేంది రా?"

"నీ కాళ్లు కడుగుతాంటే చెంబుతో నీళ్లు పోసినోణ్ణి బావా నేను. ఆ కాళ్లే పట్టి గుంజమంటే ఎట్ల?"

"సెలెక్టర్లు సూస్తాండారు."

"తెలుసు." వాడు షామియానా వైపు ఒకసారి చూశాడు. "నువ్వు అటుపక్కకు పో బావా. నా పక్కకు రావద్దు. మొక్కుతా నీకు."

నాకు కోపం వచ్చింది, జాలీ వేసింది. ఏది ముందో చెప్పలేను. ఉద్యోగం, ఏళ్ల కష్టం, అన్నీ నా కాళ్ల దగ్గర పోసి నిలబడ్డాడు పిచ్చోడు. మా జట్టును తీసుకొచ్చిన పీడీ సార్ దగ్గరికి పోయి నన్ను ఎడమవైపు మార్చమని అడిగాను. ఆయన కళ్లు పెద్దవి చేశాడు. "బంగారమట్లా సందు దొరికింటే పక్కకు పోతానంటావేందప్పా? ఆ సందులోనే పో. బంతి నీకే ఇమ్మని చెప్తాండా." అంతలో విజిల్ పడింది.

అన్నట్టే బంతి నాకే వచ్చింది. నేను కావాలనే పరుగు తగ్గించాను. ఇప్పుడైనా పడతాడేమోనని చూశాను. పడలేదు. పెళ్లికొడుకును మండపానికి తోడుకుపోతున్నట్టు నా పక్కనే ఉరికాడు, చెయ్యి మాత్రం వెయ్యలేదు. నాకిక తోచక పక్క గీత తొక్కి బయటికి పోయాను. మా సార్ అరుపు గ్రౌండంతా వినబడింది. నేను ఆగిన చోటే సెలెక్టర్ల బల్ల ఉంది. వాళ్లలో ఒకాయన పక్కాయనతో, "ఆ పిల్లోనికి ఉరుకు ఉంది గానీ టాకిల్ అంటే భయం. వద్దులే," అన్నాడు. నా బావమరిది నా వెనకే ఉన్నాడు. వాడికీ వినబడింది. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు కూడా.

అప్పుడు నేను చేసిన పని చెప్పాలి. బంతి తిరిగి ఆటలోకి రావడానికి రెండు జట్లూ వరసల్లో నిలబడుతున్నాయి. వాడికి రోషం తెప్పిస్తే తప్ప చెయ్యి లేవదని నాకు అర్థమైంది. వాడి ముందుకు పోయి, వాళ్ల జట్టు అంతా వినేటట్టు అన్నాను.

"ఏం మర్యాద రా మీది? పెండ్లిలో ఇస్తరాకులేసి అన్నం పెట్టలేక పరోటా పొట్లాలు పంచినోళ్లు, ఈడ నాకు మర్యాద చేస్తాండారా?"

మా పెళ్లి రాజంపేటలో జరిగింది. మా వైపు వాళ్లు చివరి పంక్తికి కూర్చునేసరికి అన్నం అయిపోయింది. విస్తళ్ల ముందు మా మామలు, చిన్నాన్నలు చేతులు కట్టుకుని కూర్చున్నారు. వంటవాళ్లు మళ్లీ ఎసరు పెట్టేలోపల ఈ పిల్లోడే బైకు మీద రోడ్డు పక్క హోటళ్లకు ఉరికి, దొరికినన్ని పరోటాలు కట్టించుకొచ్చి పంచాడు. ఆ సంగతే నేను ఎత్తింది.

వాడు తలెత్తి నన్ను చూశాడు. కోపం ఉంటుందనుకున్నాను. మొదట వచ్చింది కోపం కాదు. పెళ్లిరోజు ఆ పొట్లాలు పట్టుకుని మా పంక్తి ముందు నిలబడ్డప్పుడు ఎట్లున్నాడో అట్లే అయిపోయాడు, ఎవరో అందరిలో బట్టలు లాగేసినట్టు. ఆ తర్వాత దవడలు బిగిశాయి.

మళ్లీ బంతి నా చేతికి వచ్చినప్పుడు నేను నాలుగడుగులు కూడా వేసి ఉండను. వాడి భుజం నా తొడలకు తగిలింది, చేతులు మోకాళ్ల వెనక ముడిపడ్డాయి, ఆకాశం తిరిగింది, నోట్లోకి ఎర్రమట్టి వచ్చింది. జీవితంలో నేను తిన్న టాకిళ్లలో అంత శుద్ధమైనది లేదు. షామియానా కింద చప్పుడు ఆగిపోయింది. మా అత్త కుర్చీలోంచి లేచి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. కింద పడినవాణ్ణి పడేసినవాడే చెయ్యిచ్చి లేపడం మా ఆటలో మామూలు. వాడు నాకు చెయ్యివ్వలేదు. లేచి తన చోటుకు పోయాడు.

ఇంకోసారి పడేశాడు. ఇంకోసారి. మా వాళ్లను ఎవరినీ వదల్లేదు. చివర్లో మా వాడి చేతిలోంచి బంతి ఊడగొట్టి తానే గీత దాకా తీసుకుపోయి ట్రై వేశాడు. అంతకుముందే వాళ్లవీ రెండు ట్రైలు పడి ఉన్నాయి, ఈ మూడోదానితో మేం ఓడిపోయాం. సెలెక్టర్లు తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకుంటున్నారు, వేలు వాడి వైపే ఉంది. మట్టి ఉమ్ముతూ అదంతా చూసి నేను లోపల మురిసిపోయాను. నా ఎత్తు పారిందనుకున్నాను. ఓడి కూడా గెలిపించానని, బావంటే ఇట్లుండాలని. అంత మొద్దును నేను.

మా పీడీ సార్ దగ్గరికి వచ్చాడు. నా మాట ఆయన చెవినీ పడినట్టుంది. "కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమప్పా. ఏం మాటది?" అన్నాడు. ఊరికే వాడికి రోషం తెప్పించడానికన్నాను సార్ అని నవ్వాను. ఆయన నవ్వలేదు.

సాయంత్రం మైకులో రాష్ట్ర జట్టు పేర్లు చదివారు. వాడి పేరు ఉంది. వాళ్ల జట్టువాళ్లు వాణ్ణి ఎత్తుకుని తిప్పారు. దింపాక నేను పోయి వాటేసుకున్నాను. వాడు కర్రలా నిలబడ్డాడు.

"వచ్చె గదరా ఇంక," అన్నాను. "నీకు రోషం రావల్లనే అట్లంటి. మనసులో ఏం పెట్టుకోవద్దు."

"తెలుసు బావా. నా మంచికే అంటివి. నువ్వట్ల అనకపోతే నాకు ఇది వచ్చేది కాదు." వాడు నా చేతులు మెల్లగా తీసేశాడు. "కానీ ఆ మాట కోసం నువ్వు యాడా ఎదుక్కోలేదు బావా. నోట్లోనే పెట్టుకోనుంటివి."

వాడన్నది అక్షరాలా నిజం. పెళ్లయిన దగ్గర్నుంచీ ఎనిమిది నెలలు మా ఇంట్లో ఆ పరోటాల కథ ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు. మా చిన్నాన్న ఎప్పుడు వచ్చినా, "అల్లునికి నెయ్యి లేదు, అల్లుని తోడొచ్చినోళ్లకు నూనె లేదు," అని మొదలుపెట్టేవాడు. అందరూ కడుపు పట్టుకుని నవ్వేవాళ్లు. నా భార్య వంటింట్లో ఉంటే కొంచెం గొంతు తగ్గించేవాళ్లు, అంతే తేడా. నేనూ నవ్వేవాణ్ణి. నవ్వడమే కాదు, వాడు పొట్లాలు పంచిన తీరు నడిచి చూపించేవాణ్ణి. అసలు తప్పు ఎవరిది? రెండు బస్సుల్లో వస్తామని చెప్పి పంపింది మేము. ఊరు ఊరంతా ఎక్కి నాలుగు బస్సుల్లో దిగింది మేము. పెళ్లిపీటల మీద కూర్చుని ఆ బస్సులు దిగుతున్న జనాన్ని నా కళ్లతో చూశాను. అన్నం చాలదని అప్పుడే నాకు తెలుసు. ఒక్కరితో ఒక్క మాట అనలేదు. ఆ పిల్లోడు ఆ రోజు తిన్నాడో లేదో కూడా ఎవరం అడగలేదు. గ్రౌండులో నేను రోషం తెప్పించానని చెప్పుకున్నాను గానీ, ఇంట్లో రోజూ నమిలే మాటనే వాడి మొహాన ఉమ్మాను.

ఆ రాత్రికే ఆదోని బస్సెక్కి పారిపోదామనుకున్నాను. కానీ వాడి పేరు వచ్చినందుకు చుట్టాలింట్లో భోజనాలు పెట్టారు, అల్లుడు తినకుండా పోతే ఇంకో కథవుతుంది. ఏ మొహం పెట్టుకుని పోవాలో తెలియక గుమ్మం దగ్గర చెప్పులు విప్పడానికే చాలాసేపు పట్టింది. నా మాట నాకంటే ముందే ఆ ఇంటికి చేరిందని లోపలికి అడుగుపెట్టగానే తెలిసిపోయింది. ఆడవాళ్లు మాట్లాడుకుంటున్నది ఆపేశారు. నా భార్య నా వైపు చూడలేదు. చెంబుతో నీళ్లు తెచ్చి కిందపెట్టి పోయింది.

ఎవరైనా తిట్టి ఉంటే బాగుండేది. మా మామ వరసయ్యే పెద్దాయన పక్కన కూర్చుని వానల గురించి మాట్లాడాడు. నా బావమరిది దూరంగా గోడకానుకుని కూర్చున్నాడు, మోకాలికి తగిలిన గాయానికి పసుపు అద్దుకుంటూ. వాడికి వచ్చిందన్న సంతోషం ఆ ఇంట్లో ఎవరి మొహంలోనూ పూర్తిగా విప్పుకోలేదు. అది కూడా నేనే తినేశాను.

అన్నం వడ్డించడానికి మా అత్త వచ్చింది. మా వైపు అత్తలు కొత్త అల్లుడితో నేరుగా మాట్లాడరు, ఏదైనా చెప్పాలంటే కూతురి చేతో కొడుకు చేతో చెప్పిస్తారు. ఆమె కూడా ఆ ఎనిమిది నెలల్లో నాతో ఒక్క మాట నేరుగా అనలేదు. ఆ రోజు అన్నం గిన్నె తానే ఎత్తుకొచ్చింది. అన్నం వేసింది. పప్పు వేసింది. నెయ్యి వేసింది. నేను ముద్ద కలుపుతుంటే హస్తం గరిటెతో ఇంకొంచెం అన్నం తీసి నా విస్తరి మీద పట్టుకుని నిలబడింది.

"ఏసుకో నాయనా," అంది. "ఇంకా శానా ఉండాది. ఈ పొద్దు తక్కువ కాదు."

ఆమె వేస్తూ పోయింది, నేను తల ఎత్తకుండా తింటూ పోయాను.